గుడిలో ప్రమాణం చేయనన్నంత మాత్రాన వార్డు మెంబరు దొంగ అయిపోతాడా?

పాపాఘ్ని_గట్టు
మాది కడప జిల్లాలో ఒక చిన్న పంచాయతీ. ఊరి పేరు అడగకండి, చెప్పను. పోయిన ఎండాకాలం ఎస్సీ కాలనీకి తాగునీటి పైపులైను వేశారు. పని సగంలో ఆగిపోయింది. బిల్లు మొత్తం ఎత్తేశారని ఒక వర్గం, ఇంకా రాలేదని ఇంకో వర్గం. చివరికి అందరి వేలూ కాలనీ వార్డు మెంబరు వైపు తిరిగింది. "నువ్వు తినకపోతే ఆంజనేయస్వామి గుడికి వచ్చి కర్పూరం ఆర్పి ప్రమాణం చెయ్యి" అని నలుగురిలో సవాలు విసిరారు. ఆయన క్రైస్తవుడు. "ప్రమాణం చేయను. రికార్డు తెప్పించండి, అందరి ముందూ చూద్దాం" అన్నాడు. సవాలు విసిరినవాళ్ళు మాత్రం తడిబట్టలతో గుడికి వెళ్ళి, అరచేతిలో కర్పూరం వెలిగించి ఆర్పేశారు. ఆ వీడియో ఇప్పుడు ఊళ్ళో ప్రతి ఫోనులోనూ ఉంది. ఇక తీర్పు వచ్చేసినట్టే. ఆయన తిన్నాడట, అందుకే రాలేదట. పైపులైను సంగతి ఎవరికీ పట్టలేదు. కాలనీవాళ్ళు ఇప్పటికీ చేతిపంపు దగ్గరే బిందెలు పెట్టుకుని నిలబడుతున్నారు.

ఓటు వేసి గెలిపించుకున్న మనిషి తన నిజాయితీని తనది కాని దేవుడి ముందు నిరూపించుకోవాలా? మీ ఊళ్ళలోనూ ఇంతేనా?

ఉగ్గాని_బజ్జి
ఆంజనేయస్వామి దగ్గర ఎం-బుక్కు (పని కొలతలు రాసే పుస్తకం) ఉందేమో కనుక్కోండి. ఉంటే నేనూ దర్శనానికి వస్తాను.

రాళ్ళసీమ_రైతు
ఎగతాళి చేయడం సులభం. మా నాన్న కాలంలో గట్టు గొడవ ఒకటి ఏళ్ళ తరబడి నడిచింది. తహసీల్దారు ఆఫీసు చుట్టూ చెప్పులు అరిగాయి, సర్వేయరు వచ్చి ఇద్దరి దగ్గరా భోజనం చేసి వెళ్ళాడు. చివరికి పెద్దమనుషులు గుడి దగ్గర కూర్చోబెట్టారు. అవతలి ఆయన మెట్టు ఎక్కబోయి ఆగిపోయాడు. "రెండు సాళ్ళు నావి కావు, తీసుకోండి" అన్నాడు. ఏ కోర్టు చేయగలదు ఆ పని? కాగితం ముందు అబద్ధం చెప్పినంత తేలికగా స్వామి ముందు చెప్పలేరు. ఉన్న ఆ కాస్త భయాన్ని కూడా పోగొట్టి ఊరికి ఏం మేలు చేస్తారు?

నల్లరేగడి
రైతుగారూ, మీరు చెప్పిన ఆయన మంచివాడు కాబట్టి ఆగాడు. దొంగ అయితే రెండు మెట్లు ఒకేసారి ఎక్కుతాడు. టీవీలో చూడటం లేదా? ఎన్నికలు వచ్చాయంటే చాలు, "దమ్ముంటే కాణిపాకం రా" అని ఒకరు, "వస్తాను, నువ్వే రా" అని ఇంకొకరు. ఇద్దరూ ప్రమాణం చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఇద్దరి మాటలూ నిజం కావడానికి వీల్లేదు కదా. ఒక్కరైనా రక్తం కక్కుకున్నారా?

కందికట్టె
రక్తం కక్కుకోలేదు గానీ ఒకాయనకు మంత్రి పదవి వచ్చింది.

మోడరేటర్
పార్టీలు, నాయకుల పేర్లు వద్దు. ఇంతవరకూ ఎవరూ రాయలేదు, ముందే చెబుతున్నాను.

ఉగ్గాని_బజ్జి
పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి మోడరేటర్ గారూ. చట్టం ప్రకారం మా ఊళ్ళో పార్టీలే లేవు.

అత్తరు_సీసా
కడప టౌను నుంచి. ఉగాది రోజు మేము దేవుని కడప వెళ్తాం. మా నానమ్మ వెళ్ళేది, అమ్మ వెళ్ళేది, నేను పిల్లలను తీసుకుని వెళ్తాను. బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడపడుచు, వెంకటేశ్వరస్వామి అల్లుడు. టెంకాయ కొట్టి, ప్రసాదం తీసుకుని వస్తాం. పెద్ద దర్గా ఉరుసుకు వచ్చేవాళ్ళలో సగం మంది హిందువులే. ఇదంతా ఎవరూ చెప్పి చేయించింది కాదు.

రేపు నామీద ఏదో నింద వేసి "నువ్వు దేవుని కడపలో ప్రమాణం చేస్తేనే నమ్ముతాం" అంటే మాత్రం నేను వెళ్ళను. ఏటా నా కాళ్ళతో నేను వెళ్ళే గుడికే వెళ్ళను. ఇష్టంతో వెళ్ళడం వేరు, ముద్దాయిగా నిలబెట్టడం వేరు.

రాళ్ళసీమ_రైతు
అమ్మా, మీ మాట ఒప్పుకుంటున్నాను. అయితే ఆ మెంబరును చర్చిలోనే బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పమనండి. నాకు అభ్యంతరం లేదు. ఏ దేవుడైనా దేవుడే.

పాపాఘ్ని_గట్టు
అదీ అడిగారు రైతన్నా. "అసలు ఒట్టే పెట్టుకోవద్దని మత్తయి సువార్తలో ఉంది, అవునంటే అవును, కాదంటే కాదు, అంతే" అన్నాడు. అందరూ నవ్వారు. "దొరికాడు, మంచి సాకు దొరికింది" అన్నారు. అది ఆయన మతంలో నిజంగానే ఉందని పాస్టరు వచ్చి చెప్పినా వినలేదు.

వకీలు_కర్నూలు
ఇది చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను, కాస్త పొడుగు అవుతుంది.

ప్రమాణంతో తగువు తేల్చడం ఊళ్ళకే పరిమితమైన ఆచారం కాదు, మన కోర్టుల్లోనూ ఉండేది. 1873 ప్రమాణాల చట్టంలో ఒక ఏర్పాటు చేశారు. "అవతలివాడు ఫలానా పద్ధతిలో ప్రమాణం చేసి చెబితే నేను కట్టుబడతాను" అని ఒక కక్షిదారు ముందుకు రావచ్చు. అవతలివాడు సరేనని చేస్తే, ఆ చెప్పిన మాటకు ఇక తిరుగులేదు. మిగతా సాక్ష్యం అక్కర్లేదు. చాలా దావాలు అలా ముగిసేవి.

మన మెంబరుకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఆ చట్టం కూడా ఎవరినీ బలవంతం చేయనివ్వలేదు. మనిషి నిరాకరిస్తే, ఏ ప్రమాణం అడిగారు, ఎందుకు చేయనన్నాడు అన్నది రాసుకోవాలి, అంతవరకే. నిరాకరించాడు కాబట్టి ఓడిపోయాడు అనలేదు. అది తెల్లదొరల కాలపు చట్టం సుమా. 1969లో కొత్త చట్టం వచ్చినప్పుడు ఆ తిరుగులేని ప్రమాణాన్నే తీసేశారు. ఇప్పుడు సాక్షి దేవుడి మీద ప్రమాణం చేయవచ్చు, లేదా దేవుడి ఊసు లేకుండా నిజమే చెబుతానని పలకవచ్చు. ఏది చేసినా తర్వాత ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిందే. రాజ్యాంగం మూడో షెడ్యూలులో మంత్రులకూ ఎమ్మెల్యేలకూ అదే వెసులుబాటు ఉంది. ముఖ్యమంత్రికి అక్కర్లేని పరీక్ష వార్డు మెంబరుకు పెడుతున్నారు.

గండికోట_గాలి
అంటే 1873 నుంచి 1969 దాకా దాదాపు వందేళ్ళు చెల్లిన పద్ధతి. మరి అంత పనికిమాలినది ఎలా అయింది?

వకీలు_కర్నూలు
ఇద్దరూ ఒప్పుకుంటేనే అని రాశాను చూడండి. పైగా అది ఇద్దరి మధ్య ఆస్తి తగువు. ఇది పంచాయతీ డబ్బు. అందులో కాలనీవాళ్ళ పన్నూ ఉంది, మీ పన్నూ ఉంది. మీ తరఫున కర్పూరం ఆర్పడానికి వాళ్ళకు వకాల్తా ఎవరు ఇచ్చారు?

పాత_లెక్చరర్
వకీలుగారి మూడో షెడ్యూలు మాట మీద ఒకటి గుర్తొచ్చింది. 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభలో ప్రవేశిక మీద చర్చ. దానిని "దేవుని పేరిట" అని మొదలుపెట్టాలని హెచ్.వి. కామత్ సవరణ తెచ్చారు. ఆయన మామూలు ఛాందసుడు కాదు, ఐ.సి.ఎస్. వదిలేసి స్వాతంత్య్ర పోరాటంలోకి వచ్చిన మనిషి. దేవుడిని ఓటుకు పెట్టే పరిస్థితి తేవద్దని సభ్యులు బతిమాలారు, ఆయన వినలేదు. ఓటు వేశారు: అనుకూలం 41, వ్యతిరేకం 68. వ్యతిరేకించినవాళ్ళలో నాస్తికులు ఎంతమంది ఉంటారనుకున్నారు? రోజూ పూజ చేసుకునేవాళ్ళే ఎక్కువ. కుంజ్రూ లాంటివాళ్ళ అభ్యంతరం ఒకటే: ఇది లోపలి నమ్మకం, దీన్ని అందరి నోటా పలికించే హక్కు మనకు లేదు.

అదే సభలో అంతకు ముందు ఏడాది కె.టి. షా లౌకిక అన్న మాట రాజ్యాంగంలో రాయమని అడిగితే అదీ ఓడిపోయింది. 1976లో 42వ సవరణతో గానీ ప్రవేశికలోకి రాలేదు. కాబట్టి అటువాళ్ళు, ఇటువాళ్ళు ఇద్దరూ రాజ్యాంగ సభ తమదేనని చెప్పుకోవడానికి లేదు.

కందికట్టె
మాస్టారూ, పైపులైను ఇంకా సగంలోనే ఉంది.

ఉగ్గాని_బజ్జి
41 ఓట్లు దేవుడికే వస్తే మా వార్డులో ఓడిపోయిన మామయ్య బాధపడాల్సిన పని లేదు.

కందికట్టె
నవ్వులాట పక్కన పెడితే, నేను చూసింది చెబుతాను. అనంతపురం వైపు ఒక ఊరు. పోలింగుకు ముందు రాత్రి కవరులో డబ్బు, పైన తమలపాకు, పసుపు కొమ్ము. డబ్బు తీసుకునేటప్పుడు పసుపు కొమ్ము పట్టుకుని "మీకే వేస్తాం" అనాలి. తెల్లవారుజామున అవతలివాళ్ళు ఇంకాస్త ఎక్కువతో వచ్చారు. మా పెద్దమ్మ వద్దని తిప్పి పంపింది. "పసుపు ముట్టుకున్నాను నాయనా, పిల్లలున్న ఇల్లు" అంది. ఆమెకు మొదటివాడు నచ్చాడా అంటే, నచ్చలేదు. ఐదేళ్ళూ తిట్టుకుంది. రైతుగారు చెప్పే దైవభయం ఇదిగో, ఇలా అమ్ముడుపోతోంది.

వకీలు_కర్నూలు
1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(2) సరిగ్గా దాని గురించే. ఫలానావారికి ఓటు వేయకపోతే దైవాగ్రహానికి గురవుతావని ఓటరును నమ్మించడం అవినీతి చర్య, నిరూపిస్తే ఎన్నిక రద్దవుతుంది. నిరూపించేదెవరు? మీ పెద్దమ్మ కోర్టుకు వస్తారా?

కందికట్టె
రాదు. పసుపు ముట్టుకుంది కదా.

రాళ్ళసీమ_రైతు
అందరూ నామీదే పడ్డారు కాబట్టి సావకాశంగా రాస్తున్నాను.

పసుపు కొమ్ముతో ఓటు కొన్నవాడు భక్తుడు కాడు, వ్యాపారి. వాడిని చూపించి నన్ను ఎందుకు కొడతారు? ఈ సీమలో కులం మీద మొదట గొంతు విప్పినవాళ్ళు ఎవరు? మఠంలో కూర్చున్న వీరబ్రహ్మేంద్రస్వామి. దూదేకుల సిద్ధయ్యను శిష్యుడిగా తీసుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అప్పట్లో రాజ్యాంగమూ లేదు, హేతువాద సంఘమూ లేదు. అంబేడ్కర్ 1956లో నాగపూరులో లక్షల మందితో బౌద్ధం తీసుకున్నాడు. మతం ఇంటి విషయమే అయితే అంత మందితో మైదానంలో ఎందుకు? 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ జెసూట్ సన్యాసిగా ఈ దేశానికి వచ్చిన మనిషి. ఆయన కట్టించిన ఇళ్ళు, ఆసుపత్రులు చూసి "ముందు నీ దేవుడిని బయట పెట్టి రా" అన్నామా?

మీరు చర్చకు మీ పుస్తకాలతో, మీ సిద్ధాంతాలతో వస్తారు. నన్ను మాత్రం నా నమ్మకం చెప్పులతోపాటు గుమ్మం బయట విడిచి రమ్మంటారు. నాకు తప్పు, ఒప్పు తెలిసింది రామాయణం వినే. అది తీసేస్తే నా దగ్గర మాట్లాడటానికి ఏం మిగులుతుంది?

ఇంకొకటి. మతానికి, ప్రభుత్వానికి సంబంధం ఉండకూడదంటారు. మరి మా గుడి హుండీ ఎవరు లెక్కపెడుతున్నారు? దేవాదాయ శాఖ కాదా?

నల్లరేగడి
చివరి మాట ఒప్పుకుంటున్నాను. ప్రభుత్వానికి గుడి వద్దు, మసీదు వద్దు, చర్చి వద్దు. ఇమాములకు నెలకు 10,000 గౌరవ వేతనం, పాస్టర్లకు 5,000, ఆదాయం లేని గుళ్ళకు ధూపదీప నైవేద్యం, ఒంటిమిట్ట కల్యాణానికి ప్రభుత్వ పట్టువస్త్రాలు. అన్నీ ఆపేయాలి. నాస్తికుడి పన్ను కూడా అందులో ఉంది.

అత్తరు_సీసా
మా వీధి మసీదులో అజాన్ ఇచ్చే మౌజన్ గారు తనకొచ్చే 5,000తోనే కూతురి ఫీజు కట్టారు. ఆపేయాలని రాయడం మీకు ఒక్క వాక్యం.

వకీలు_కర్నూలు
27వ అధికరణ ఏదో ఒక మతాన్ని పోషించడానికే పన్ను వసూలు చేయకూడదంటుంది. హజ్ రాయితీ కేసులో 2011లో సుప్రీంకోర్టు ఏమందంటే, మొత్తం పన్నులో చిన్న భాగం అలా వెళ్ళినంత మాత్రాన ఉల్లంఘన కాదు, పెద్ద భాగం అయితే అవుతుంది. ఎంత అయితే పెద్దది అన్నది మళ్ళీ ఇంకో కేసు.

పాత_లెక్చరర్
రైతుగారి హుండీ ప్రశ్నకు పాత కథ ఉంది. దత్త మండలాలకు, అంటే మన సీమకు, థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా కలెక్టరు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనంలోంచి ఆయనతో మాట్లాడారని, మాన్యం నిలబెట్టారని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ తర్వాత 1817లో మద్రాసు ప్రభుత్వం దేవాలయ మాన్యాల అజమాయిషీ తానే తీసుకుంది. కంపెనీ దొరలు గుడి లెక్కలు చూడటం ఏమిటని ఇంగ్లండులో మిషనరీలు గోల పెట్టారు. క్రమంగా తప్పుకుని, 1863 చట్టంతో స్థానిక కమిటీలకు వదిలేశారు. కమిటీలు ఏం చేశాయో తెలుసు కాబట్టే 1920లలో జస్టిస్ పార్టీ ప్రభుత్వం మళ్ళీ చట్టం తెచ్చింది. ఇప్పుడున్నది 1987 చట్టం. గుడిని ప్రభుత్వం లాక్కుంది అనడం సగం కథ. గుడి భూములు తిన్నవాళ్ళలో ఆస్తికులే ఎక్కువ అన్నది మిగతా సగం.

నల్లరేగడి
అది ఎవరూ వీడియో తీయలేదు.

గండికోట_గాలి
మీ వేమన కూడా దేవుడైపోయాడు నల్లరేగడి అన్నా. రాళ్ళకు మొక్కడమేమిటని జీవితమంతా వెక్కిరించిన మనిషికి కటారుపల్లెలో గుడి, ఉత్సవం. ఈ సీమలో ఎవరూ తప్పించుకోలేరు.

చిత్రావతి
అనంతపురం నుంచి. చర్చ చాలా దూరం వెళ్ళింది, ఊళ్ళోకి తెస్తాను.

మా నార్పల మండలంలో రెండు ఊళ్ళు ఉన్నాయి. ఒకటి గూగూడు, కుళ్ళాయిస్వామి ఊరు. మొహర్రంకు ఎక్కడెక్కడి నుంచో వస్తారు, చక్కెర చదివింపులు చేయిస్తారు, అగ్నిగుండం తొక్కుతారు. మా వైపు కుళ్ళాయప్ప అన్న పేరు వినగానే హిందువా, ముస్లిమా అని చెప్పలేరు. రెండోది బండ్లపల్లి. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశమంతటికీ అక్కడే మొదలైంది. ప్రధానమంత్రి వచ్చారు.

కొన్నేళ్ళు నేను సామాజిక తనిఖీలో పనిచేశాను. మస్టరు కాగితాలు, అంటే కూలీల హాజరు పట్టీలు, పట్టుకుని ఇంటింటికీ తిరగడం, పనికి వెళ్ళావా, ఎన్ని రోజులు, చేతికి ఎంత వచ్చింది అని అడిగి రాసుకోవడం, చివరి రోజు గ్రామసభలో మైకులో చదవడం. ఒక ఊళ్ళో బెంగుళూరుకు వలస వెళ్ళిన కుటుంబం మొత్తం చెరువు పూడిక తీసినట్టు మస్టరులో ఉంది. మైకులో చదవగానే క్షేత్ర సహాయకుడు లేచి, గట్టిగా ఏడుస్తూ, "కుళ్ళాయిస్వామి మీద ఒట్టు, ఒక్క రూపాయి ముట్టలేదు" అన్నాడు. సభ మెత్తబడింది. పెద్దమనుషులు "పోనీలేమ్మా, స్వామి పేరు ఎత్తాడు" అని నాకు సైగ చేశారు. ముందు వరుసలో చీపురుపుల్లలా ఉన్న ఒక అవ్వ లేచింది. గూగూడుకు ఏటా నడిచి వెళ్ళే మనిషి. "స్వామి సంగతి స్వామి చూసుకుంటాడు. నా పేరు మీద ఎన్ని రోజులు రాసినారో అది చదువు పాపా" అంది.

చదివాను. ఆమె పేరు మీద కూడా ఎక్కువే రాశారు.

ఉగ్గాని_బజ్జి
దీని మీద నాకు జోకు రావడం లేదు.

రాళ్ళసీమ_రైతు
అవ్వకు దండం. కానీ చిత్రావతి అమ్మా, ఒక్కటి చెప్పు. తనిఖీలో తేలిన డబ్బులో తిరిగి వసూలైంది ఎంత? ఆ క్షేత్ర సహాయకుడు జైలుకు వెళ్ళాడా?

చిత్రావతి
వెళ్ళలేదు. కొన్నాళ్ళు తీసేశారు, మళ్ళీ వచ్చాడు. వసూలు సంగతి అడగకండి.

రాళ్ళసీమ_రైతు
అదే నేను చెప్పేది. మీ కాగితం పట్టుకుంటుంది, వదిలేస్తుంది. అందుకే జనం గుడికి వెళ్తారు.

నల్లరేగడి
గుడి అసలు పట్టుకోనే పట్టుకోదు కదా!

అత్తరు_సీసా
రైతుగారూ, మీరు రామాయణం చదివి "పైపులైను డబ్బు తినడం పాపం" అని గ్రామసభలో చెప్పండి, నేను చప్పట్లు కొడతాను. దాని కోసం మీ నమ్మకాన్ని గుమ్మం బయట పెట్టనక్కర్లేదు. కానీ తిన్నది ఎవరు అన్నది తేల్చేటప్పుడు నేను కూడా చూడగలిగినది చూపించండి. మీకు కనిపించి నాకు కనిపించనిదాన్ని సాక్ష్యం అంటే నేను ఎలా ఒప్పుకోవాలి? నాకు కనిపించేదాన్ని మీమీద సాక్ష్యం అంటే మీరు ఒప్పుకుంటారా?

వకీలు_కర్నూలు
జర్మనీలో హేబర్మాస్ అనే తత్వవేత్త దాదాపు ఇదే గీత గీశాడు. వీధిలో, సభలో ఎవరి మత భాషలో వాళ్ళు వాదించుకోవచ్చు, నాస్తికులు కూడా చెవి ఒగ్గి వినాలి. శాసనసభ, కోర్టు, ఆఫీసు గడప దాటాక మాత్రం అన్ని మతాలవాళ్ళకూ అందే కారణం చెప్పాలి.

మన దగ్గర గీత ఎక్కడ గీయాలన్న దాని మీద న్యాయమూర్తులకే ఏకాభిప్రాయం లేదు. 2017 జనవరి 2న ఏడుగురి ధర్మాసనం, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరుతోనూ ఓట్లు అడగకూడదంది. 4-3 తీర్పు. ఓడిన ముగ్గురి మాట కూడా బరువైనదే: మతం, కులం పేరుతో తరతరాలుగా దెబ్బతిన్నవాళ్ళు ఆ గోడు ఎన్నికల్లో చెప్పుకోవడం నేరం కాకూడదు. కాలనీ మెంబరు రేపు "నేను క్రైస్తవుడిని, ఎస్సీని కాబట్టే నామీద పడ్డారు" అని ఓటు అడిగితే ఆ నలుగురు ఏమంటారు, ఆ ముగ్గురు ఏమంటారు, ఆలోచించండి.

కందికట్టె
ఇంతకీ క్రైస్తవుడైతే ఎస్సీ వార్డులో ఎలా నిలబడ్డాడు అని ఇంకో గొడవ లేస్తుంది. మూత పెట్టండి.

పాపాఘ్ని_గట్టు
లేచింది కూడా. దాని జోలికి ఇక్కడ వెళ్ళను.

ఈరోజు సంగతి. పంచాయతీ కార్యదర్శిని అడిగితే ఎం-బుక్కు తన దగ్గర ఉండదు, మండలంలో ఇంజనీరు దగ్గర ఉంటుంది అన్నాడు. మెంబరు, నేను కలిసి దరఖాస్తు పెడదామనుకుంటున్నాం. ఎలా రాయాలి?

వకీలు_కర్నూలు
సమాచార హక్కు చట్టం 6(1) కింద. గ్రామ స్థాయి కార్యాలయానికైతే రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు. పని మంజూరు ఉత్తర్వు, అంచనా, ఎం-బుక్కులో ఆ పని పేజీలు, చెల్లింపు వోచర్లు, పంచాయతీ తీర్మానం నకళ్ళు అడగండి. ఎవరు తిన్నారు అని మాత్రం రాయకండి, దానికి జవాబు రాదు. 30 రోజుల్లో ఇవ్వాలి. అందినట్టు ముద్ర వేయించుకోండి.

చిత్రావతి
అంచనాలో ఎన్ని మిల్లీమీటర్ల పైపు రాశారో తప్పకుండా చూడండి. 90 అని రాసి 63 వేయడం మామూలే. పైపు మీదే సైజు అచ్చు వేసి ఉంటుంది. కాలనీ మలుపు దగ్గర ఒక మూర తవ్వితే చాలు. తవ్వేటప్పుడు ఆ ప్రమాణం చేసినవాళ్ళనూ పిలవండి.

రాళ్ళసీమ_రైతు
తవ్వండి. 63 వస్తే కంట్రాక్టరును గుడికి పిలుస్తాను. నా పద్ధతి నాది.

ఉగ్గాని_బజ్జి
కంట్రాక్టరు ఏ మతమో కనుక్కున్నారా?

పాపాఘ్ని_గట్టు
సర్పంచ్ బావమరిది.